అద్దం వెనక చదువు

గోడకో పెద్ద అద్దం. గదిలో కూర్చున్న తల్లిదండ్రులకూ పిల్లలకూ అందులో తమ ముఖాలే కనిపిస్తాయి. అవతలి గదిలో దీపాలు ఆర్పేసి ఉంటాయి కనుక, ఆ చీకట్లో కూర్చున్న గురువుకీ తోటి విద్యార్థులకీ అదే అద్దం కిటికీ అవుతుంది. కుటుంబంతో మాట్లాడుతున్నది ఇంకా పని నేర్చుకుంటున్న కుర్ర థెరపిస్టు. పక్కనే ఫోను. అది మోగిందంటే గురువు పిలుస్తున్నాడన్నమాట. ‘కూతుర్ని అడిగిన ప్రతి ప్రశ్నకూ తల్లే జవాబు చెబుతోంది. ముందు ఆ పిల్ల కుర్చీ నీ పక్కకి జరిపించు.’ ఇలాంటి ఒకటి రెండు ముక్కలే. ఫోను పెట్టేసి విద్యార్థి మళ్లీ మాటల్లో పడతాడు. అద్దం వెనక మనుషులున్నారని కుటుంబానికి ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే పని మొదలుపెడతారు.

1960ల చివర్లో, 1970ల్లో ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో కుటుంబాల చిక్కుముళ్లు విప్పే విద్యను ఇలా నేర్పేవారు. అమెరికాలో ఇవాళ మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీలో మాస్టర్స్ డిగ్రీ ఇచ్చే విభాగాలు ఆ అద్దానికి ఎంతో రుణపడి ఉన్నాయి.

మొదట్లో ఈ పనికి చదువంటూ ఏదీ లేదు. 1930లో లాస్ ఏంజెలిస్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యామిలీ రిలేషన్స్ తెరిచిన పాల్ పోపెనో అంతకుముందు ఖర్జూరపు చెట్ల నిపుణుడు. అల్జీరియా, బాగ్దాద్ దాకా తిరిగి కాలిఫోర్నియా తోటలకు పిలకలు తెచ్చినవాడు. మేలుజాతి మొక్కల మీది ధ్యాస తర్వాత మనుషుల మీదికి మళ్లింది. ‘అయోగ్యుల’కు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయడాన్ని ఆయన సమర్థిస్తూ పుస్తకాలు రాశాడు. తన దృష్టిలో యోగ్యులైన తెల్లవాళ్ల కాపురాలు నిలబడితే వాళ్ల సంతానం పెరుగుతుందన్నది ఆయన లెక్క. దంపతులకు సలహాలివ్వడం వెనకున్న ఆలోచన అదే. 1953లో లేడీస్ హోమ్ జర్నల్‌లో మొదలైన దాంపత్య సమస్యల శీర్షికతో ఆయన పేరు ఇంటింటికీ తెలిసింది. పేరు ముందున్న ‘డాక్టర్’ మాత్రం ఒక కాలేజీ ఇచ్చిన గౌరవ పట్టా. ఈ వృత్తి పుట్టుకలోనే ఉన్న ఈ మచ్చను దాటేసి దాని చరిత్ర చెప్పడం అన్యాయం.

అదే కాలంలో తూర్పు తీరాన ఎమిలీ మడ్ మరో దారిలో నడిచింది. ఆమె చదివింది ఉద్యానవనాల రూపకల్పన. సూక్ష్మజీవ శాస్త్రవేత్త అయిన భర్తకు ప్రయోగశాలలో సాయం చేస్తూ, కుటుంబ నియంత్రణ క్లినిక్‌లో పనిచేస్తూ, అక్కడికొచ్చే ఆడవాళ్ల కష్టాలు విన్నది. వాళ్లకు మందూ మాకూ కాక ఇంకేదో కావాలని గ్రహించి, 1930ల మొదట్లో మ్యారేజ్ కౌన్సిల్ ఆఫ్ ఫిలడెల్ఫియాను నిలబెట్టింది. చదువు ఆ తర్వాత వచ్చింది. పని చేస్తూనే 1936లో సోషల్ వర్క్ డిగ్రీ, 1950లో డాక్టరేటు సంపాదించింది. 1956లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ ఆమే. తన కేంద్రానికి శిక్షణ కోసం వచ్చినవాళ్లను ఏళ్ల తరబడి తీర్చిదిద్దింది.

1942లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ మ్యారేజ్ కౌన్సెలర్స్ ఏర్పడింది. అందులో డాక్టర్లు, పాస్టర్లు, సోషల్ వర్కర్లు ఉండేవారు. చాలామందికి అసలు వృత్తి వేరే, ఇది పక్కపని. 1963లో కాలిఫోర్నియా మొదటిసారిగా ఈ పనికి లైసెన్స్ చట్టం చేసింది.

ఎలా నేర్పాలన్న ప్రశ్న అప్పటికీ తేలలేదు. మనోవిశ్లేషణ సంప్రదాయంలో రోగికీ వైద్యుడికీ మధ్య నడిచేదంతా గుట్టు. విద్యార్థి నాలుగు గోడల మధ్య జరిగినదాన్ని గుర్తున్నంత వరకు రాసుకొచ్చి, గురువు ముందు చదివేవాడు. తాను గమనించని సంగతి ఆ కాగితం మీదికి ఎలా వస్తుంది? తల్లి మాట్లాడినప్పుడల్లా తండ్రి కిటికీ వైపు చూడటం విద్యార్థి కంట పడకపోతే గురువుకు ఎప్పటికీ తెలియదు.

ఈ గుట్టును బద్దలుకొట్టినవాళ్లలో చాలామంది బయటివాళ్లే. కాలిఫోర్నియాలో 1956లో స్కిజోఫ్రీనియా మీద పేరుపొందిన వ్యాసం రాసిన నలుగురిలో గ్రెగరీ బేట్సన్ మానవశాస్త్రజ్ఞుడు, జాన్ వీక్లాండ్ కెమికల్ ఇంజనీరుగా మొదలైనవాడు, జే హేలీ కమ్యూనికేషన్ చదివినవాడు. డాన్ జాక్సన్ ఒక్కడే సైకియాట్రిస్టు. రోగి తలలో ఏముందని కాక, ఇంట్లోవాళ్ల మధ్య ఏ మాటలు నడుస్తున్నాయని వాళ్లు అడిగారు. అది తెలియాలంటే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి కళ్లారా చూడాలి. జాక్సన్ పాలో ఆల్టోలో స్థాపించిన మెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో వర్జీనియా సటీర్ 1959 నుంచి కుటుంబ చికిత్స పాఠాలు చెప్పింది.

ఆ ధోరణికి పదును పెట్టింది ఫిలడెల్ఫియా. అర్జెంటీనా నుంచి వచ్చిన సాల్వడార్ మినూచిన్ 1965లో అక్కడి క్లినిక్ పగ్గాలు పట్టాడు. హేలీ 1967లో వచ్చి చేరాడు. వాళ్లిద్దరూ బ్రౌలియో మొంటాల్వోతో కలిసి రోజూ ఒకే కారులో క్లినిక్‌కు వెళ్లేవారు. దారి పొడవునా కేసుల మీద తర్కమే. క్లినిక్ చుట్టూ ఉన్నవి పేద నల్లజాతి, లాటినో కుటుంబాలు. పట్టాలున్న థెరపిస్టుల్లో ఆ జీవితం తెలిసినవాళ్లు బహు తక్కువ. అందుకని వాళ్లు ఆ బస్తీల మనుషులనే, కాలేజీ గడప తొక్కనివాళ్లనే, ఎంచుకుని రెండేళ్లు నేర్పారు. అనుభవం లేని మనిషి చేతికి ఒక కుటుంబాన్ని అప్పగించేటప్పుడు దానికి కీడు జరగకుండా చూసే పూచీ గురువుదే. అద్దం, ఫోను అంతగా అవసరమైంది అందుకే. డిగ్రీ లేనివాళ్ల కోసం సానబెట్టిన పద్ధతి తర్వాత డిగ్రీ తరగతుల్లో పాఠమైంది.

పట్టా గట్టిపడింది కూడా ఆ తర్వాతే. 1978లో అమెరికా ప్రభుత్వం ఈ రంగంలోని అక్రెడిటేషన్ సంస్థను గుర్తించింది. 2009 నాటికి 50 రాష్ట్రాల్లోనూ లైసెన్స్ చట్టాలొచ్చాయి. గుర్తింపున్న కోర్సుల్లో చికిత్సకు వచ్చినవాళ్లతో ముఖాముఖి 500 గంటలు కూర్చోవాలన్నది చాలాకాలం సాగిన నియమం. కాలిఫోర్నియాలో లైసెన్స్ కావాలంటే పర్యవేక్షణ కింద 3,000 గంటలు పనిచేయాలి. కాపురాలతో చెలగాటం కాదు కనుక ఈ కట్టుదిట్టం కావలసిందే. కానీ మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి కావడంతో, ఆ బస్తీ మనుషులు నడిచొచ్చిన తలుపు మూసుకుపోయింది. ఈ వృత్తి పోగొట్టుకున్నవాటిలో అది చిన్నదేమీ కాదు.

ఇక సైకియాట్రిస్టు మర్రీ బోవెన్ దారి వేరు. 1954లో బెథెస్డాలోని అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పని మొదలుపెట్టి, రోగులతో పాటు వాళ్ల కుటుంబాలనూ వార్డులోనే నెలల తరబడి ఉంచాడు. ఆ దశాబ్దంలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను అక్కడే ఉంచి అందరితో కలిసి మాట్లాడేవాడు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మానసిక ఆరోగ్య కేంద్రంలోనూ 1957 నుంచి తోడుగా ఇంటివాళ్లు ఉండే పద్ధతి ఉంది. అయినా మన దగ్గర అమెరికా తరహా లైసెన్స్ రాలేదు. 1984 చట్టంతో వచ్చిన ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్లను నియమించుకునే వీలు మాత్రం కలిగింది.

నేర్పే విషయానికొస్తే, బోవెన్ తన విద్యార్థులను సొంత ఇళ్లకే పంపాడు. 1967లో ఒక సదస్సులో, అనుకున్న ప్రసంగం పక్కనపెట్టి, టెనెసీలోని తన సొంత కుటుంబం కథే చెప్పి అందరినీ నివ్వెరపరిచాడు. అలా తమ ఇంటి లోతులు చూసుకున్న విద్యార్థులు పరాయి కుటుంబాలతోనూ మెరుగ్గా పనిచేస్తున్నారని గమనించాడు. ఆ తర్వాత కనీసం మూడు తరాల కుటుంబ పటం గీయడం ఈ చదువులో భాగమైంది. దాన్నే జీనోగ్రామ్ అంటారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి ఒక గీత, రక్తసంబంధీకుల పెళ్లికి జంట గీత.

అలాంటి తరగతిలో ఓ తెలుగమ్మాయి తన ఇంటి పటం గీయడానికి కూర్చుంటే మొదటి చిక్కు మాటల దగ్గరే. మేనమామ, బాబాయి, పెదనాన్న, మామయ్య, అందరికీ ఇంగ్లిషులో ఒకటే మాట. రెండో చిక్కు అమ్మమ్మ దగ్గర. అమ్మమ్మ తన సొంత మేనమామనే చేసుకుని ఉంటే, జంట గీత గీస్తే సరిపోదు. ముత్తవ్వకు ఆ చతురస్రంలోని మనిషి ఒక గీత మీద తమ్ముడు, ఇంకో గీత మీద అల్లుడు. అమ్మమ్మ అత్తింటికి వెళ్లినా పుట్టింటి చుట్టరికంలోనే ఉందని, అల్లుడి మీద ముత్తవ్వకు అక్క హక్కు ఎప్పుడూ పోలేదని ఆ అమ్మాయి పెన్సిల్ పట్టుకుని క్లాసుకంతా విడమరచి చెప్పాల్సిందే.