పసివాడి కంట్లో తెల్లని మెరుపు

ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే పిల్లల కంటిపాప సాధారణంగా ఎర్రగా పడుతుంది. ఒక కన్ను మాత్రం తెల్లగా, పిల్లికన్నులా మెరిస్తే ఫొటో బాగా రాలేదని వదిలేయకండి. కొత్తగా మెల్ల వచ్చినా అంతే. అది రెటినోబ్లాస్టోమా కావచ్చు. కంటి వెనుక పొరలో పుట్టే ఈ క్యాన్సర్ ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది.

ఆర్‌బీ1 అనే జన్యువు చెడటమే దీనికి మూలం. గ్రహణమనీ, ఎవరి పాపమోననీ తల్లిని నిందించేవాళ్లు ఇంకా ఉన్నారు. పుట్టుగుడ్డివాని గురించి శిష్యులు అడిగింది కూడా ఇదే (యోహాను 9). యేసు ఆ మాటను ఒప్పుకోలేదు.

పసరు పోయిస్తూ వారాలు గడపవద్దు. ప్రార్థన చేయండి, బస్సూ ఎక్కండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లే. బంజారాహిల్స్‌లోని ఎల్‌.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి వైద్యం ఉంది. గడ్డ కంట్లోనే ఉండగా వస్తే చాలామంది పిల్లలు బతుకుతారు. లేజర్, కీమోథెరపీలతో కొన్నిసార్లు కన్నూ దక్కుతుంది. కన్ను తీయాలనగానే బిడ్డను ఇంటికి తీసుకుపోయే తల్లిదండ్రుల బాధ అర్థమవుతుంది. కాని వ్యాధి నరం వెంట మెదడుకు పాకితే బిడ్డే దక్కదు. తీసిన చోట కృత్రిమ కన్ను అమరుస్తారు. తోబుట్టువుల కళ్లూ చూపించాలి.

పిల్లల్లో దీన్ని రాకుండా ఆపలేం. పెద్దలకు కంటి పైపొరలో వచ్చే క్యాన్సర్ వేరు. ఏళ్ల తరబడి ఎండ తగలడం దానికొక కారణం, హెచ్‌ఐవీ మరొకటి. పొలం పనికి వెళ్లేటప్పుడు అంచున్న టోపీ, చలువ అద్దాలు మేలు. తెల్లగుడ్డుపై కండ పెరుగుతుంటే చుక్కల మందుతో సరిపెట్టుకోక డాక్టరుకు చూపించండి.