నడక ఎంత, కాల్పులు ఎంత

యుద్ధాన్ని ఆటగా మలిచే ప్రతి ఒక్కరికీ ఒక లెక్క తప్పదు: శత్రువును చేరడానికి ఎంతసేపు, చేరాక పోరు ఎంతసేపు. ఈ లెక్క కంప్యూటర్లతో మొదలైంది కాదు. ప్రష్యా ఫిరంగిదళంలో యువ అధికారి రైస్విట్స్ 1824లో ‘క్రీగ్‌స్పీల్’ అనే యుద్ధక్రీడ నియమాలు అచ్చువేయించాడు. అందులో పటం 1:8000 స్కేలుది, ఒక్కో ఎత్తు రెండు నిమిషాల యుద్ధకాలానికి సమానం. ఆ రెండు నిమిషాల్లో పదాతి ఎంత దూరం నడవగలదో, ఆశ్వికదళం ఎంత దూరం పోగలదో కొలిచాకే పటం మీద దళాలను సూచించే దిమ్మలు జరపాలి. అర్ధశతాబ్దం గడిచాక, 1876లో, వెర్డీ దు వెర్నువా అనే జర్మన్ అధికారి ఈ కొలతల బరువు దించేసి, నిర్ణయాలను ఆట నడిపే మధ్యవర్తి అనుభవానికే వదిలేద్దామన్నాడు. కొలతను గట్టిగా పట్టుకుంటే ఆట నత్తనడక నడుస్తుంది, వదిలేస్తే దూరానికి విలువే ఉండదు. పదుల మంది ఒకేసారి ఆన్‌లైన్‌లో ఆడే సైనిక ఆటల పాతికేళ్ల చరిత్ర ఈ చిక్కు చుట్టూనే తిరిగింది. ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు తేలేది ఒకటే: దూరాన్ని చెరిపేసిన ప్రతిచోటా ఆట రూపకర్తలు దాన్ని వేరే వేషంలో వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఎందుకంటే పోరుకు ఖరీదు కట్టేది దూరమే.

2001లో చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ తెచ్చింది. నడవాలు, గదులు దాటని ఆటలకు అలవాటుపడ్డవాళ్ల చేతికి ఏకంగా ద్వీపాలే వచ్చాయి. మిషన్లు తయారుచేసుకునే ఎడిటర్‌ను కూడా ఆటతోపాటే ఇవ్వడంతో ఆడేవాళ్లే మిషన్ కర్తలయ్యారు. 2013లో అదే సంస్థ తెచ్చిన ‘ఆర్మా 3’ నాటికి, గ్రీసు దేశపు లెమ్నోస్ దీవి నమూనాగా తీర్చిన ఆల్టిస్ విస్తీర్ణం 270 చదరపు కిలోమీటర్లకు చేరింది. అంత నేల దొరికితే అంతా వాడాలనిపించడం సహజం. స్థావరం ఈ కొసన, లక్ష్యం ఆ కొసన పెట్టిన మిషన్లు చాలా వచ్చాయి. సెకనుకు 4 మీటర్ల చొప్పున ఆగకుండా పరుగెత్తినా 3 కిలోమీటర్లకు పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. తీరా చేరాక ఏ కిటికీలోంచో ఒక్క తూటా తగిలితే చాలు, మళ్లీ స్థావరం నుంచి మొదలు. దీనికి మందుగా మిషన్ కర్తలు స్థావరంలో ఒక జెండా స్తంభం పాతారు. దాని దగ్గర నిలబడి మౌస్ చక్రం తిప్పితే చిన్న మెనూ వస్తుంది. ఒక్క నొక్కుతో దళనాయకుడి పక్కన ప్రత్యక్షం కావచ్చు, లేదా ప్యారాచూట్‌తో లక్ష్యం మీదికి దూకవచ్చు. విసుగు పోయింది గానీ దాంతోపాటు చావంటే భయం కూడా పోయింది. ‘డామినేషన్’ లాంటి మిషన్లు వాడిన ఎంహెచ్‌క్యూ, అంటే కదిలే స్థావరంగా పనిచేసే వాహనం, నా దృష్టిలో జెండా స్తంభం కన్నా ఎన్నో రెట్లు మేలైన ఉపాయం. దాన్ని ఎవరో ఒకరు తోలుకుపోవాలి. పోరుకు మరీ దగ్గరగా ఆపితే పేల్చేస్తారు, కొండ వెనక దాచితే నడక పెరుగుతుంది. ఎంత దూరంలో ఆపాలన్నది అక్కడ ఆటగాళ్ల నిర్ణయమైంది, దాని ఫలితం కూడా వాళ్లే అనుభవించారు.

అసలు ఇంత నేల ఎందుకు, చిన్న మ్యాపుల్లోనే అసలైన పోటీ ఉంది కదా అని కొందరంటారు. వాళ్లు చూపించే సాక్ష్యం ‘కౌంటర్ స్ట్రైక్’లోని డస్ట్2. 2001 నుంచి నేటిదాకా ఆడుతున్న మ్యాపు అది, కాబట్టి ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయలేం. కానీ దగ్గరగా చూస్తే అక్కడ కూడా ప్రాణం దూరమే. రౌండు మొదలైన క్షణం నుంచి ఏ జట్టు ఏ తలుపు దగ్గరకు ఎన్ని సెకన్లలో చేరుతుందన్న దాని మీదే ఆ మ్యాపు నిలబడింది. కిలోమీటర్లు సెకన్లయ్యాయి, అంతే. పైగా చచ్చినవాడు రౌండు ముగిసేదాకా చూస్తూ కూర్చోవాలి. నడకలో చెల్లించని కాలాన్ని అక్కడ నిరీక్షణలో చెల్లిస్తున్నాడు.

2005లో వచ్చిన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2’ దళనాయకుడి పక్కనే పునర్జన్మ ఇచ్చింది. నాయకుడు ఎక్కడో ఒక పొదలో నక్కి ఉంటే చాలు, దళమంతా అక్కడే మొలకెత్తేది. అదే ఆట మీద ఔత్సాహికులు కట్టిన ‘ప్రాజెక్ట్ రియాలిటీ’ మాడ్ ఆ వెసులుబాటు తీసేసింది. బదులుగా ర్యాలీ పాయింటు, అంటే దళం మళ్లీ పుట్టే చోటు, పెట్టింది, ముందువరస స్థావరాలు కట్టుకోమంది. స్థావరం కట్టాలంటే సరుకు పెట్టెలను లారీలోనో హెలికాప్టర్‌లోనో మోసుకురావాలి. ఆ వరసలోనే వచ్చిన ‘స్క్వాడ్’లో శత్రువులు దగ్గరకు వస్తే ఆ స్థావరంలో పుట్టడమే ఆగిపోతుంది. చేరే తోవను జట్టు చెమటోడ్చి సంపాదించుకోవాలి, సంపాదించాక కాపాడుకోవాలి. ఆర్మాలో ఎంహెచ్‌క్యూ అరకొరగా పట్టుకున్న సూత్రం ఇక్కడ ఆటకే వెన్నెముక అయింది.

తెలుగునాట పల్లెల్లో కూడా కుర్రాళ్లకు తెలిసిన ఉదాహరణ పబ్జీ. రూపకర్త బ్రెండన్ గ్రీన్ దాని మూలరూపాన్ని ఆర్మా మాడ్‌గానే కట్టాడు. పబ్జీలోని ఎరాంగెల్ 8 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మ్యాపు. అందులో వంద మందిని వదిలేస్తే చాలామంది ఒకరికొకరు ఎదురుపడకుండానే గంట గడిచిపోవచ్చు. అందుకే బతకగలిగే పరిధి, అంటే జోన్, అంతకంతకూ కుంచించుకుపోతుంది. రద్దీగా ఉండే పొచింకి ఊళ్లో దిగి వెంటనే కాల్పుల్లో పడాలా, ఓ మూల ఊరిలో దిగి నింపాదిగా లూట్ చేసుకుని తర్వాత జోన్ కోసం పరుగెత్తాలా అన్నది విమానంలోంచి దూకేవాడి ఇష్టం. పోరు ముందా నడక ముందా అన్న ప్రశ్నను రూపకర్త తాను తేల్చకుండా విమానం తలుపు దగ్గరే ఆటగాడికి అప్పగించాడు. ఇంతకన్నా తెలివైన పరిష్కారం ఈ చరిత్రలో నాకు కనపడలేదు.

మిగిలిన అభ్యంతరం కాలానిది. ఉద్యోగం చేసుకునేవాడికి రాత్రి రెండు గంటలు దొరికితే గొప్ప, అందులో అరగంట లారీ వెనక కూర్చోమంటే ఎలా? న్యాయమైన ప్రశ్నే. నిజమైన యుద్ధంలో ఎదురుచూపులే ఎక్కువ కదా అనడం దీనికి జవాబు కాదు. అక్కడి ఎదురుచూపులో ప్రాణభయం ఉంటుంది, ఇక్కడ అది ఊరికే రాదు, మిషన్ కర్త కల్పించాలి. దారిలో మందుపాతర ఉండవచ్చన్న అనుమానం ఉంటే, రెండు దారుల్లో ఏది సురక్షితమో జట్టు వాదించుకోవాల్సి వస్తే, ఆ అరగంటంతా ఆటే. ఏమీ జరగదని ముందే తెలిసిన 5 నిమిషాల ప్రయాణం మాత్రం దండగ, దాన్ని నిర్దాక్షిణ్యంగా కోసేయాలి. మరి ఆ లారీ ఎవరు తోలతారు? ప్రమాదం ఉండి, ఆ పనికి గుర్తింపు కూడా ఉంటే తోలేవాళ్లు దొరుకుతారు. 2022లో తొలిరూపం వచ్చిన ‘ఆర్మా రిఫోర్జర్’లో కాన్‌ఫ్లిక్ట్ అనే పద్ధతి ఉంది. అందులో స్థావరాలకు సరుకును లారీల్లో చేరవేస్తారు. తుపాకీ పేల్చకుండా సరుకు చేరవేసినవాడికి కూడా ర్యాంకు పెరుగుతుంది. ఆ పనినే ఇష్టపడి ఎంచుకునేవాళ్లు ఉన్నారు.