తీగల పటం చెప్పే కథ

మోటారు కారు చరిత్ర రాసేవారు సాధారణంగా ఇంజనుతో మొదలుపెట్టి ఇంజనుతోనే ముగిస్తారు. ఆ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షించినది మాత్రం ఒక కాగితం. అదే విద్యుత్తు తీగల పటం, మెకానిక్కుల భాషలో వైరింగ్ డయాగ్రమ్. తొలిచూపులో చెయ్యి తిరగనివారు వేసిన మెలికల ముగ్గులా కనిపించే ఆ గీతల వెనుక నూరేళ్ళకు పైబడిన కథ ఉంది.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో విద్యుత్తుకు ఉన్నది ఒకటే పని, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడం. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ఆ తరహా బండిలోనే వెళ్ళారు. దారిలో ఒక తీగ ఒరుసుకుపోతే, ఆమె తన మేజోడు పట్టీని దానికి చుట్టి ప్రయాణం సాగించారని చెబుతారు. ఆమెకు పటంతో పనిపడలేదు. ఉన్న ఆ కొద్ది తీగలూ కంటికి ఎదురుగానే ఉన్నాయి.

పటం అవసరాన్ని తెచ్చిపెట్టింది దీపాలూ, సెల్ఫ్ స్టార్టరూ. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ ముందు దీపాలు ఎసిటిలీన్ వాయువుతో వెలిగేవి. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన పద్ధతితో 1912 నాటి కాడిలాక్ కారులో స్టార్టరు, దీపాలు, ఇగ్నిషన్ మూడూ ఒకే విద్యుత్ వ్యవస్థలోకి వచ్చాయి. ఇక తీగలు పెరిగాయి. ప్రతి దీపానికీ పోవడానికొకటి, రావడానికొకటి చొప్పున రెండేసి తీగలు వేయడం దండగ కనుక, కారు ఇనుప దేహాన్నే తిరుగుదారిగా వాడుకోవడం స్థిరపడింది. మనవాళ్ళు ‘బాడీ ఎర్త్’ అనేది దీన్నే.

ఇక్కడ మన పాఠ్యపుస్తకాల మాట ఒకటి మెచ్చుకోవాలి. సర్క్యూట్‌ను అవి ‘వలయం’ అన్నాయి. బయలుదేరిన చోటికి తిరిగి చేరితేనే వలయం. పటంలో మాత్రం ఆ తిరుగుదారి కనబడదు, దాని బదులు చిన్న ఎర్త్ గుర్తు ఉంటుంది. చాలా జబ్బులు ఆ కనబడని సగంలోనే దాగుంటాయి. బ్రేకు తొక్కితే పక్కనున్న మరో దీపం మినుకుమంటున్నదంటే, ముందుగా బల్బును కాదు, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును అనుమానించాలి. సొంత దారి మూసుకుపోయిన కరెంటు పొరుగు దీపం గుండా దారి వెతుక్కుంటున్నదన్నమాట.

తొలినాటి పటాలు నిజంగా బొమ్మలే. కారు ముందు భాగం ఒక కొసన, వెనుక భాగం మరో కొసన. ఏ వస్తువు ఎక్కడుంటే అక్కడే గీసి తీగలతో కలిపేవారు. తీగలు పెరిగేకొద్దీ అవి చదవడానికి వీలులేని చిక్కులయ్యాయి. లండన్ భూగర్భ రైలు మార్గాలకూ ఇదే ఇబ్బంది వచ్చింది. విద్యుత్ చిత్రాలు గీసే పనిలో ఉండిన హ్యారీ బెక్, దూరాలను పక్కనబెట్టి మార్గాలను మాత్రమే చూపిన పటం 1933లో అచ్చయింది. కారు పటమూ ఇటువంటి మార్పుకే లోనయింది. జర్మన్ పటాలలో పైన బ్యాటరీ, కింద ఎర్త్. కరెంటు పైనుంచి కిందికి దిగుతుంది. ‘ఎక్కడుంది’ అన్న ప్రశ్న పోయి, ‘ఎటు పోతుంది’ అన్నది మిగిలింది.

వారు అంకెలనూ ప్రమాణీకరించారు. డిన్ 72552 ప్రకారం 30 అంటే నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, 15 అంటే తాళం తిప్పితే వచ్చేది, 31 అంటే ఎర్త్. రిలేలో 85, 86 తీగచుట్ట కొసలు. 30లో వచ్చిన కరెంటు 87 గుండా బయటికి పోతుంది. ఈ అరడజను అంకెలు వస్తే రిలే పటంలో సగం వచ్చినట్టే.

రంగుల విషయంలో మాత్రం దేశానికొక దారి. బ్రిటిష్ పద్ధతిలో గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి వచ్చేది, నల్లది ఎర్త్. జర్మన్ పద్ధతిలో గోధుమరంగే ఎర్త్! మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశంలో పుట్టి 2014 దాకా ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్‌పై చేయి తిరిగిన మెకానిక్కు, జర్మన్ కారు బానెట్ ఎత్తితే రంగును కాదు, టెస్ట్ ల్యాంపును నమ్మాలి.

1986లో బోష్ సంస్థ క్యాన్ అనే పద్ధతిని ప్రకటించింది. అంతకుముందు ప్రతి మీటకూ దాని తీగ ఉండేది. ఇప్పుడు మెలివేసిన రెండు తీగల మీద పెట్టెలు ఒకదానితో ఒకటి సందేశాలు చెప్పుకుంటాయి. పటంలో ఆ రెండు గీతలూ కనిపిస్తాయి కాని, వాటిలో నడిచే సంభాషణ కనిపించదు. దాన్ని వినాలంటే తయారీదారు సమాచారమూ, సాధనమూ కావాలి. అవి లేని మెకానిక్కుకు, ఎంత అనుభవమున్నా, తెలిసిన కారే తెలియనిదవుతుంది.

అందుకే ఇది కేవలం సాంకేతిక విషయం కాదంటాను. మరమ్మతు సమాచారం బయటివారికీ అందాలని ఐరోపా సమాజం 2007లో నిబంధన చేసింది. మనదేశంలో 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలూ, పరీక్షా సాధనాలూ స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేయడం అందులో ముఖ్యమైన అభియోగం. ఆపైన అప్పీళ్ళు నడిచాయి. ఎవరు గెలిచారన్నదానికన్నా, అక్కడ వచ్చిన ప్రశ్న నాకు ముఖ్యం. డబ్బిచ్చి కొన్న బండి లోపలి దారులు తెలుసుకునే హక్కు ఎవరిది? కొన్నవాడిదీ, అతడు నమ్మి అప్పగించిన మెకానిక్కుదీ కాదా?

షెడ్డు గోడమీద నూనె మరకలతో వేలాడే పాత పటం మీకెక్కడైనా కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. పైన 30, కింద 31. మధ్యలో ఏదో ఒక దీపాన్ని ఎంచుకుని వేలితో దారి పట్టండి. అర్థమవుతుంది.