రాయదుర్గం నుంచి ఎర్రముక్కపల్లెకు

జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి శతజయంతి సంచికకు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం కథ రాసివ్వమని సంఘంవారు అడిగారు. శాస్త్రిగారి పేరు చెప్పి అడిగాక కాదనలేకపోయాను.

శాస్త్రిగారిది కడప కాదు. 1926లో అనంతపురం జిల్లా రాయదుర్గంలో పుట్టారు. పంతులు ఉద్యోగం ఆయన్ను ఇక్కడికి తెచ్చింది. ఇల్లూ వాకిలీ, పిల్లాజెల్లా అన్నీ కడపలోనే. ఈ మట్టిలో పుట్టిన మాకెవరికీ తట్టని పని బయటినుంచి వచ్చిన ఆ మనిషి నెత్తికెత్తుకున్నారు.

బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. ఎర్రముక్కపల్లెలో బంగళా కొన్నాడు. పండితులకూ లేఖకులకూ తన చేతి డబ్బు ఇచ్చి, తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు దిద్దించాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు నిఘంటువు వెనక ఆ పండితుల చెమట ఉంది. బ్రౌన్ 1884లో లండన్‌లో పోయాడు. తర్వాత నూరేళ్లూ ఒక్క ముక్కలో చెప్పాలంటే, బంగళా పోయి మొండిగోడలు, సర్కారు కంప మిగిలాయి. ఆరుద్ర, బంగోరె వంటివారు బ్రౌన్ జాడలు వెదికేదాకా ఆ చోటు మనలో చాలామందికి పట్టలేదు. శాస్త్రిగారికి మాత్రం అది నిద్ర పట్టనివ్వని మాట అయింది.

అరవై ఏళ్ల వయసులో, మనవలను ఆడించుకోవలసిన రోజుల్లో, ఆయన ఆ చోట బ్రౌన్ గ్రంథాలయం కట్టించేందుకు ట్రస్టు పని మొదలుపెట్టారు. 1987 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అసలు కష్టం ఆ తర్వాతే. గోడలు లేచేవి, డబ్బు అయిపోయేది, పని ఆగేది. శాస్త్రిగారు మళ్లీ వీధిన పడేవారు. అంగళ్లవాళ్లను, అయ్యవార్లను, గుమాస్తాలను అడిగారు. పది రూపాయలకు రాసిచ్చిన రసీదు ఒకటి మా నాన్న కాగితాల్లో ఉంది. అంచులు పసుపెక్కాయి, సిరా మాత్రం చెదరలేదు. అంత చిన్న మొత్తానికీ అంత శ్రద్ధగా రాసిన రసీదు. వేదికమీద వేలు ఇస్తామని ప్రకటించి, తర్వాత మొహం చాటేసిన పెద్దలూ ఉన్నారు. పేర్లు రాయను. పది రూపాయలు ఇచ్చినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ బాధే.

విధిగా తలచుకోవలసినవారు: స్థలం ఇచ్చిన సి.కె. సంపత్ కుమార్ గారు, అండగా నిలిచిన అప్పటి కలెక్టరు పి.ఎల్. సంజీవరెడ్డిగారు, జిల్లా రచయితల సంఘం మిత్రులు, తర్వాతి రోజుల్లో గ్రంథాలయ బాధ్యత మోసి కడప జిల్లా కైఫీయతులను (పాత ఊళ్ల చరిత్రలను) పుస్తకాలుగా తెచ్చిన కట్టా నరసింహులుగారు, పేరు తెలియని తాపీ పనివాళ్లు, తమ అటకల మీది తాటాకు కట్టలు దించి ఇచ్చిన పల్లెటూరి కుటుంబాలు. ఆ కట్టలకు దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పూసి, ఆకు ఆకునూ విడదీయాలి. తొందరపడితే పెళుసెక్కిన ఆకు చేతిలోనే విరుగుతుంది. అలాంటి పని చేసేవారికి ఏ సంచికలోనూ ఫోటో పడదు.

2006లో గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. జీతాలకూ నిర్వహణకూ ఒక దారి దొరికింది. చందాల కోసం ఎండలో తిరిగే అవసరం తప్పింది.

2014 ఫిబ్రవరి 28న శాస్త్రిగారు కన్నుమూశారు. ఊరు ఆయన్ను బ్రౌన్ శాస్త్రి అని ప్రేమగా పిలుచుకుంది. ఆ పిలుపు నాకూ ఇష్టమే. కానీ ఆ పేరు నీడలో రచయిత జానమద్ది మరుగున పడ్డారు. ‘మా సీమ కవులు’ రాసిన చెయ్యి అది. పత్రికల్లో ఆయన రాసిన వ్యాసాలు లెక్కకు మిక్కిలి. బ్రౌన్ రాతలను పోగు చేసిన మనిషి రాతలు మనం ఇన్నేళ్లయినా పోగు చేయలేదు. ఈ శతజయంతి ఏడాదిలో సన్మానాలు, శాలువాలు కాస్త తగ్గించి, ఆ వ్యాసాలను సంపుటాలుగా వేయమని సంఘాన్ని కోరుతున్నాను. పాత పత్రికల కత్తిరింపులు, ఆయన రాసిన ఉత్తరాలు, చందా రసీదులు ఎవరి దగ్గరున్నా గ్రంథాలయానికి అప్పగించండి. మా నాన్న రసీదు నేను ఇచ్చేస్తున్నాను.