లెడ్జరు తరం, లాగిన్ తరం

కంప్యూటర్లు రాకముందు బ్యాంకులో డబ్బు తీసుకోవాలంటే ముందు ఇత్తడి టోకెన్ తీసుకోవాలి. గుమాస్తా చెక్కు అందుకుని, టోకెన్ చేతికిచ్చి, బరువైన లెడ్జరు తెరిచి ఆ ఖాతా పేజీలో పద్దు రాసేవాడు. ఆఫీసరు సంతకం సరిచూసి పాస్ చేస్తే చెక్కు క్యాషియరుకు చేరేది. నంబరు పిలిచేదాకా ఖాతాదారు బల్ల మీద కూర్చోవలసిందే.

అసలు పరీక్ష బ్యాలెన్సింగ్ నాడు. లెడ్జర్లోని ఖాతాల నిల్వలన్నీ కూడితే జనరల్ లెడ్జర్లోని అంకె రావాలి. రాకపోతే ఆ సాయంత్రం ఇంటికి ఆలస్యమే. తేడాను ముందు 9తో భాగించి చూసేవారు. శేషం లేకుండా పోతే ఎవరో అంకెలు తారుమారు చేసి రాశారని అనుమానం: 54కు బదులు 45 రాస్తే తేడా 9, 81కి బదులు 18 రాస్తే 63. ఇలాంటి కిటుకులు పక్క సీటులోని సీనియరు చెబితే అబ్బేవి. రిటైరయ్యే లోపు ఆయన తన పని తర్వాతివాడికి అప్పజెప్పి వెళ్ళేవాడు.

ఆ అప్పగింత నడుమ ఎక్కడో తెగిపోయింది. 2010 తర్వాత చాలా ప్రభుత్వ బ్యాంకు శాఖల్లో యాభై అయిదేళ్ళు దాటినవారూ పాతికేళ్ళవారూ పక్కపక్కనే కనిపించేవారు. నలభై ఏళ్ళవారు మాత్రం అరుదు. ‘ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు’ అని పెద్దలు, ‘సార్‌కి సిస్టమ్ రాదు’ అని పిల్లలు. గుణాల తేడాగా కనిపించే ఈ దూరాన్ని చాలావరకు తెచ్చిపెట్టింది నియామకాల క్యాలెండరే.

1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1980 ఏప్రిల్ 15న మరో ఆరు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ రెండో విడతలోది. 1969లో దేశం మొత్తం మీద 8 వేల పైచిలుకు ఉన్న శాఖలు 1991 నాటికి 60 వేల దాకా పెరిగాయి. పల్లెపల్లెకూ శాఖ తెరవాలంటే మనుషులు కావాలి. డెబ్భైల్లో, ఎనభైల్లో వేలకు వేల మంది చేరారు. దాదాపు ఒకే వయసువారు, ఒకే యూనియన్ సభలకు వెళ్ళినవారు.

యంత్రం వీళ్ళ కాలంలోనే వచ్చింది. ఉద్యోగాలు పోతాయన్న భయంతో సంఘాలు మొదట ఎదిరించాయి. 1983లో యాజమాన్యాలతో ఒప్పందం కుదిరింది. ఆ మరుసటి ఏడాది సి.రంగరాజన్ కమిటీ యాంత్రీకరణకు దారి చూపింది. లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు మెల్లగా శాఖల్లోకి వచ్చాయి. వాటి మీద పనిచేసే గుమాస్తాకు ప్రత్యేక అలవెన్సు కూడా ఉండేది. కాబట్టి పాతతరం కంప్యూటరుకు లొంగదన్న మాట పూర్తి నిజం కాదు. వాళ్ళు షరతులు మాట్లాడుకుని మరీ దాన్ని లోపలికి రానిచ్చారు.

తొంభైల సంస్కరణలతో నియామకాలు సన్నగిల్లాయి. 1998లో మైదవోలు నరసింహం కమిటీ సిబ్బంది ఎక్కువయ్యారంది. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. నలభై ఏళ్ళు నిండినా, పదిహేనేళ్ళ సర్వీసు ఉన్నా అర్హులే. లక్ష మందికి పైగా వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళతో వాళ్ళ పనితనమూ వెళ్ళింది. వాళ్ళ కింద నేర్చుకోవలసిన కుర్రవాళ్ళను చాలా బ్యాంకులు ఏళ్ళ తరబడి తీసుకోనేలేదు. 2010లో ఖండేల్వాల్ కమిటీ, రాబోయే దశాబ్దంలో సీనియర్లు గుంపుగా రిటైరవుతారని హెచ్చరించింది. 2011 నుంచి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్షలతో కొత్తవాళ్ళు వరుసగా వచ్చారు. బీటెక్ చదివినవాళ్ళూ వాళ్ళలో బాగానే ఉన్నారు.

2010 ఏప్రిల్ 1న రెండు మార్పులు ఒకేసారి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు సేవింగ్స్ వడ్డీని నెలలో పదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీద కట్టేవారు. ఆ రోజు నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజే లెక్క. లెడ్జర్లతో అది అయ్యే పని కాదు, కంప్యూటర్లుంటేనే సాధ్యం. రెండో మార్పు ఉద్యోగులకు సంబంధించింది. ఆ తేదీ నుంచి చేరినవారికి పాత పింఛను లేదు, కొత్త పింఛను పథకమే. పక్కపక్క కుర్చీల్లో, ఒకే స్క్రీన్ ముందు పనిచేసే ఇద్దరిలో ఒకరికి వృద్ధాప్యానికి కచ్చితమైన పింఛను, మరొకరి పింఛను మార్కెట్ దయ. కుర్రవాడు సీనియరులా బ్యాంకునే నమ్ముకుని ఉండకుండా వేరే పరీక్షలు రాస్తున్నాడని చిరాకు పడేవాళ్ళు ఈ తేదీని కూడా గుర్తు పెట్టుకోవాలి.

2020 జనవరి 31, ఫిబ్రవరి 1 తేదీల్లో బ్యాంకు సంఘాలు దేశమంతటా సమ్మె చేశాయి. రిటైరైనవారి పింఛను సవరించాలన్నది ఒక డిమాండు, 2010 తర్వాత చేరినవారికి కొత్త పింఛను పథకం రద్దు చేయాలన్నది ఇంకొకటి. రెండూ ఒకే జాబితాలో ఉన్నాయి.