హోప్ ఐలాండ్‌లో శిబిర యాత్ర

హోప్ ఐలాండ్ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో కాకినాడకు ఎదురుగా, బంగాళాఖాతంలో ఉన్న ఇసుక దీవి. దీనిని హోప్ దీవి అని కూడా అంటారు. గోదావరి నది తెచ్చిన ఇసుకతో ఏర్పడిన ఈ దీవి తీరానికి అడ్డుగోడ వలె నిలిచి కాకినాడ పట్టణాన్నీ, ఓడరేవునూ సముద్రపు అలల నుండి కాపాడుచున్నది. ఇటువంటి అభివృద్ధి చెందని దీవిలో గుడారం వేసుకొని, నీరు, ఆహారం, వెలుతురు మొదలైన సమస్తమూ వెంట తీసుకొనివెళ్ళి, తిరిగి సమస్తమూ వెంట తెచ్చుకొనే బసను ప్రిమిటివ్ క్యాంపింగ్ అంటారు. తెలుగులో దీనిని వసతులు లేని శిబిర యాత్ర అనవచ్చును. ఈ వ్యాసం హోప్ దీవి స్వరూపాన్ని, అటువంటి యాత్రకు చేసుకొనవలసిన సన్నాహాలను వివరిస్తుంది.

దీవి స్వరూపం

తీరానికి సమాంతరంగా, ప్రధాన భూభాగానికి కొంత దూరంలో, ఇసుకతో ఏర్పడిన సన్నని పొడవాటి దీవులను అవరోధ దీవులు అంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లో వీటికి ప్రసిద్ధ ఉదాహరణ పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట. అంతరిక్ష ప్రయోగ కేంద్రం ఉన్నందున అక్కడ శిబిర యాత్రకు అవకాశం లేదు. హోప్ దీవి భూవిజ్ఞాన పరిభాషలో ఇసుక నాలుక వర్గానికి చెందినది. అయితే అది చేసే పని అవరోధ దీవి చేసే పనే.

ఈ దీవి వయస్సు చాలా తక్కువ. 18వ శతాబ్దం చివరి భాగం నుండి గోదావరి ఇసుక, తీరం వెంబడి ఉత్తర దిశగా సాగే సముద్ర ప్రవాహాల వలన క్రమంగా పేరుకొని ఇది ఏర్పడినది. దీని విస్తీర్ణం సుమారు 8 చ.కి.మీ. దీవికీ కాకినాడ తీరానికీ మధ్యనున్న సుమారు 146 చ.కి.మీ. జలభాగాన్ని కాకినాడ అఖాతం అంటారు. దీవి ఉత్తరపు కొనకు గోదావరి పాయింట్ అని పేరు. దీవికి దక్షిణాన, పడమరన కోరింగ మడ అడవులు ఉన్నాయి. ఇవి 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడినవి. అభయారణ్య విస్తీర్ణం సుమారు 235 చ.కి.మీ.

దీవికి రెండు ముఖాలు కలవు. తూర్పు వైపు అలల తాకిడి గల ఇసుక తీరం, దాని వెనుక ఇసుక దిబ్బలు ఉంటాయి. పడమటి వైపు లోతు తక్కువగా ఉండి, బురద నేలలు, మడ చెట్లు కనిపిస్తాయి. ఇసుక దిబ్బలపై పెరిగే తీగలు, రావణాసురుని మీసాలు అని పిలువబడే ముళ్ళగడ్డి వేళ్ళతో ఇసుకను పట్టి ఉంచుతాయి. వీటిని తొక్కివేసినా, పీకివేసినా గాలికి ఇసుక కదలి దిబ్బ కరగిపోతుంది. అందువలన గుడారాన్ని దిబ్బలపై కాక, గడ్డి లేని చదును ప్రదేశంలో వేయవలెను.

అనుమతులు

దీవి పరిసరాలు కోరింగ అభయారణ్యంతో ముడిపడి ఉన్నందున, యాత్రకు మొదటి మెట్టు అటవీ శాఖ వారి అనుమతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 27వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో ప్రవేశించరాదు. 28వ సెక్షను అనుమతి ఏయే పనులకు ఇవ్వవచ్చునో తెలుపుతుంది. వాటిలో పర్యాటకం, ఛాయాచిత్రణ, శాస్త్ర పరిశోధన ఉన్నాయి. 30వ సెక్షను అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది. కావున చలిమంట వేయవచ్చునని ముందుగా భావించరాదు. పగటి సందర్శనకు లభించిన అనుమతి రాత్రి బసకు వర్తించదు. రాత్రి బస సంగతిని దరఖాస్తులోనే స్పష్టంగా వ్రాయవలెను. బస చేసే వారి పేర్లు, తేదీలు, పడవ వివరాలు సమీప మెరైన్ పోలీసులకు కూడా తెలియజేయుట మంచిది.

కాలం ఎంపిక

యాత్రకు తేదీలు నిర్ణయించుట అన్నిటికంటె కష్టమైన పని. బంగాళాఖాతంలో తుఫానులు ముఖ్యంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, తిరిగి ఏప్రిల్, మే నెలలలో వస్తాయి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వలన సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఈ లెక్కన మనుషులకు అనువైన కాలం జనవరి నుండి మార్చి వరకు మాత్రమే.

సరిగ్గా ఇదే కాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆడ తాబేలు రాత్రి వేళ ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటకు వస్తాయి. అవి చీకటిలో వెలుతురుగా కనిపించే సముద్రపు దిక్కును బట్టి దారి తెలుసుకుంటాయి. ఒడ్డున టార్చిలైటు గానీ, మంట గానీ ఉన్నచో అటు మళ్ళి, దారి తప్పి చనిపోతాయి. ఒడ్డుకు వచ్చే తల్లి తాబేలు కూడా వెలుతురును, అలికిడిని చూసి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. ఈ జాతి పైన చెప్పిన చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది.

కనుక యాత్రికుని సౌకర్యం, తాబేలు అవసరం ఒకే తీరంపై, ఒకే నెలలలో తలపడుతున్నాయి. దీనికి సరియైన పరిష్కారం ఈ నెలలలో సముద్రం వైపు ఒడ్డున రాత్రి బస మానివేయుట. అనుమతి లభించినచో అఖాతం వైపున శిబిరం వేసుకొని, చీకటి పడిన తరువాత తూర్పు తీరానికి వెళ్ళకుండా ఉండవలెను. లేనిచో ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చే యాత్రతో సరిపెట్టుకొనవలెను.

ఆటుపోట్లు, పడవ ప్రయాణం

కాకినాడ తీరంలో రోజుకు సాధారణంగా రెండు సార్లు పోటు, రెండు సార్లు ఆటు వస్తాయి. పోటుకూ ఆటుకూ నడుమ 6 గంటలకు కొంచెం పైగా పడుతుంది. ప్రతి దినం ఈ వేళలు సుమారు 50 నిముషాలు వెనుకకు జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల పరిసరాలలో పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది.

దీని వలన రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, అఖాతం లోతు తక్కువ కాబట్టి ఆటు సమయంలో పడవ బురదలో చిక్కుకొనే అవకాశం ఉంది. వెళ్ళే వేళను, తిరిగి వచ్చే వేళను గడియారాన్ని బట్టి గాక పోటును బట్టి నిర్ణయించవలెను. ఈ విషయంలో స్థానిక మత్స్యకారుల మాటయే ప్రమాణం. రెండవది, గుడారాన్ని పోటు తెచ్చి వదిలిన చెత్త గీత కంటె బాగా ఎగువన వేయవలెను.

యాంత్రిక పడవలపై వేట నిషేధం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉంటుంది. ఆ రోజులలో పడవలు దొరకుట గురించి ముందుగానే విచారించవలెను. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం నేర్పిన పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటిపై ఉండవలెను.

నీరు

దీవిలో నదులు, వాగులు లేవు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, క్రింద ఉన్న ఉప్పునీటి కంటె తేలిక అయినందున దానిపై కటకం ఆకారంలో తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన 1 మీటరు మంచినీరు ఉన్నచో, క్రింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు ఉంటుందని సిద్ధాంతం చెబుతుంది. ఆచరణలో సన్నని దీవిలో ఈ పొర చాలా పలుచన. అధికంగా తోడినా, ఉప్పెన వచ్చినా ఉప్పగా మారుతుంది. కావున దీవిలోని నీటిపై ఆధారపడరాదు.

త్రాగుటకు, వంటకు ఒక్కొక్కరికి రోజుకు కనీసం 5 లీటర్లు లెక్క వేయవలెను. 5 గురు 3 దినాలు ఉండదలచినచో 75 లీటర్లు అవసరం. సముద్రం బాగాలేక పడవ ఒక దినం ఆలస్యమైనచో మరొక 25 లీటర్లు కావలెను. అంటే మొత్తం 100 లీటర్లు, అనగా 20 లీటర్ల డబ్బాలు 5. ఈ బరువు 100 కిలోలకు పైగా ఉంటుంది కనుక పడవవానికి ముందుగా చెప్పవలెను.

తీసుకొనివెళ్ళవలసినవి

* ఇసుకలో నిలిచే పొడవైన మేకులు గల గుడారం. మామూలు మేకులు ఇసుకలో ఊడివస్తాయి. ఇసుక నింపిన సంచులను పాతి వాటికి త్రాళ్ళు కట్టవచ్చును.
* నీడ కొరకు మందపాటి గుడ్డ, టోపీలు, దోమతెర.
* వండనవసరం లేని ఆహారం: అటుకులు, వేరుశనగ పప్పు, బెల్లం, పులిహోర, ఖర్జూరం.
* ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ప్రథమ చికిత్స పెట్టె, నిత్యం వాడే మందులు.
* ఎర్ర కాంతినిచ్చే టార్చిలైటు, విజిల్, అదనపు బ్యాటరీలు, రేడియో.
* చెత్తను తిరిగి తెచ్చుటకు గట్టి సంచులు.

మలవిసర్జనకు నీటికి, శిబిరానికి కనీసం 60 మీటర్ల దూరంలో 15 నుండి 20 సెం.మీ. లోతు గుంట తీసి పూడ్చవలెను. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డున ఎట్టి గుంటలూ తవ్వరాదు.

తుఫాను ప్రమాదం

ఈ తీర చరిత్ర తుఫానులతో నిండినది. 1789 డిసెంబరులో ఉప్పెన కోరింగ రేవును ముంచివేసినది. సుమారు 20,000 మంది మరణించారని చెబుతారు. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ ఈ తుఫాను గురించి వ్రాసి, 1848లో సైక్లోన్ అనే పదాన్ని వాడుకలోకి తెచ్చాడు. 1839 నవంబరు 25న వచ్చిన మరొక ఉప్పెనతో కోరింగ ఓడరేవు మళ్ళీ కోలుకోలేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వేయి మందికి పైగా ప్రాణాలు తీసినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ సమయంలో ఈ దీవి కాకినాడకు రక్షణగా నిలిచిందని భావిస్తారు. దీవి పట్టణాన్ని కాపాడగలదు గాని, దీవిపై ఉన్నవానిని కాపాడే మరొక దీవి లేదు.

బయలుదేరుటకు ముందు విశాఖపట్నం తుఫాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచనలు చూడవలెను. ఓడరేవులలో ఎగురవేసే హెచ్చరిక సంకేతాలు 1 నుండి 11 వరకు ఉంటాయి. 1వ నంబరు ఎగిరినా యాత్రను విరమించవలెను. దూరపు అల్పపీడనం రెండు దినాలలోనే సమీపించవచ్చును. ఆపదలో తీర రక్షక దళానికి 1554, తీర పోలీసులకు 1093 నంబర్లు కలవు.

పల్నాడు ప్రాంతం నుండి ప్రయాణం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు సముద్ర తీరం లేదు. శావల్యాపురం, వినుకొండ, నరసరావుపేట వంటి ఊళ్ళు గుంటూరు - నంద్యాల రైలు మార్గంలో ఉన్నాయి. ఇక్కడి వారు గుంటూరు, విజయవాడల మీదుగా సామర్లకోట చేరి, అక్కడి నుండి కాకినాడ వెళ్ళవచ్చును. మెట్ట ప్రాంతం వారికి ఎండ, నీటి కొరత క్రొత్త కాదు. ఆటుపోట్లు మాత్రం క్రొత్త. అందుచేత ముందుగా బాపట్ల దగ్గరి సూర్యలంక వంటి సమీప తీరంలో ఒక పగలు గడిపి, నీటి రాకపోకలను గమనించుట మంచి అభ్యాసం.

ఇతర దేశాలలో

అమెరికాలో అవరోధ దీవులపై శిబిర యాత్రకు స్థిరమైన పద్ధతులు ఉన్నాయి. జార్జియా రాష్ట్రపు కంబర్లాండ్ దీవి 1972లో జాతీయ సముద్ర తీరంగా ప్రకటించబడినది. అక్కడికి దినానికి సుమారు 300 మంది సందర్శకులనే అనుమతిస్తారు. దీవిలో దుకాణాలు లేవు, చెత్తను ఎవరిది వారే తిరిగి తెచ్చుకొనవలెను. ఉత్తర కరోలినాలోని కేప్ లుకౌట్ తీరంలో కూడా వసతులు లేని బస అనుమతించబడుతుంది. ఈ రెండు చోట్లా తాబేళ్ళ గూళ్ళను గుర్తించి, వాటి దగ్గరకు మనుషులు పోకుండా చూస్తారు.

దీవి భవిష్యత్తు

హోప్ దీవి స్థిరమైన నేల కాదు. నదిపై ఆనకట్టల వలన గోదావరి తెచ్చే ఇసుక, మట్టి తగ్గినవి. దీవి పెరుగుదల అలల దిశను మార్చినందున ఉత్తరాన ఉప్పాడ తీరం కోతకు గురవుతున్నదని పరిశోధకులు గుర్తించారు. పాత పటాలలోని ఒడ్డు నేటి ఒడ్డు కాదు. కనుక ఏ శిబిర స్థలాన్నీ పూర్వపు యాత్రికుని మాటపై నిర్ణయించక, వెళ్ళిన దినాననే పరిశీలించి ఎంచుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* కోరింగ వన్యప్రాణి అభయారణ్యం
* కాకినాడ ఓడరేవు
* ఉప్పాడ
* శ్రీహరికోట
* పులికాట్ సరస్సు