నల్లరేగడి దారుల్లో నల్ల సైకిల్

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల మాట వస్తే మనకు ప్రత్తి, మిరప, పొగాకు గుర్తుకు వస్తాయి. ఆ పంటల వెంట ఊరూరా తిరిగిన సైకిల్ మాత్రం చప్పున స్ఫురించదు. రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పుల గురించి చదవడానికి వచ్చే పాఠకులు ఈసారి ఒక యంత్రపు చరిత్ర చదవవలసి వస్తున్నందుకు నన్ను మన్నించాలి. దీనికీ ఆ జబ్బులకూ ఉన్న సంబంధం మీకు దారిలోనే కనిపిస్తుంది.

మనం సైకిల్ అని పిలిచే ఆకారం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో స్థిరపడింది. జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్' సైకిల్‌కు రెండు చక్రాలూ దాదాపు సమానం. చైను వెనుక చక్రాన్ని త్రిప్పుతుంది. అంతకుముందు ఉన్న పెద్ద చక్రపు బండి మీది నుంచి పడితే తలక్రిందులుగా పడవలసిందే. 1888లో బెల్ఫాస్ట్‌లో ఉండిన జాన్ బాయిడ్ డన్లప్ గాలి టైరును రూపొందించాడు. ఆయన పశువైద్యుడు. కుమారుని మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి చేసిన ప్రయత్నమది. అదే సంవత్సరం నాటింగ్‌హామ్‌లో రాలీ కంపెనీని స్థాపించిన ఫ్రాంక్ బౌడెన్‌కు వైద్యులు ఆరు నెలలే ఆయుర్దాయం చెప్పారనీ, సైకిల్ తొక్కి ఆయన కోలుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. వైద్యునిగా ఆ ఆరు నెలల లెక్కను నేను అంతగా నమ్మను గాని, ఆయన 1921 దాకా జీవించిన మాట నిజం.

ఇక చట్రం సంగతి. త్రిభుజానికి ఒక గుణం ఉంది: భుజం వంగితేనో విరిగితేనో తప్ప దాని కోణం మారదు. సైకిల్ చట్రం రెండు త్రిభుజాల కూర్పు. నిజానికి ముందుది త్రిభుజం కాదు. హ్యాండిల్ కింది పొట్టి గొట్టం వల్ల అది నాలుగు భుజాల ఆకారం. అయినా బరువును త్రిభుజం వలెనే మోస్తుంది. అతుకు లేని ఉక్కు గొట్టాలను కొలతకు కోసి, 'లగ్గు' అనే ఉక్కు తొడుగులలో దూర్చి, కదలకుండా చిన్న మేకులు బిగిస్తారు. కీలు దగ్గర వెలిగారం చల్లి, కొలిమి మంటలో ఎర్రబడే దాకా వేడి చేసి ఇత్తడిని అందిస్తారు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల వద్ద కరుగుతుంది, ఉక్కుకు 1500 డిగ్రీలు కావాలి. కనుక గొట్టం గట్టిగా ఉండగానే కరిగిన ఇత్తడి గొట్టానికీ తొడుగుకూ నడుమ ఉన్న సన్నని సందులోకి, దీపపు వత్తిలోకి నూనె ప్రాకినట్లు, తానే ప్రాకుతుంది. ఈ పనిని బ్రేజింగ్ అంటారు. వేడి తక్కువైతే ఇత్తడి సందు నిండదు, ఎక్కువైతే ఉక్కు పెళుసెక్కుతుంది. పనివాని చూపు మీదనే అంతా ఆధారపడి ఉండేది. ఆ తరువాత మసి కడిగి, తుప్పు పట్టకుండా పూత వేసి, నల్లని ఎనామిల్ రంగును బట్టీలో కాల్చి, ఆపైన సన్నని కుంచెతో బంగారు గీతలు దిద్దేవారు. పాత సైకిళ్ళ నలుపు అరవై ఏళ్ళయినా మెరవడానికి కారణం ఆ బట్టీయే.

మన జిల్లాలకు మొదట వచ్చినవి ఇంగ్లీషు సైకిళ్ళు. తలభాగంలో కొంగ బొమ్మ ఉంటే రాలీ, మూడు తుపాకులుంటే బి.ఎస్.ఎ. (అది బర్మింగ్‌హామ్ తుపాకుల కంపెనీ). ముందు ఫోర్కుకు ఇరువైపులా జంట కడ్డీలుంటే హంబర్. చదువు రానివారు సైతం ఈ గుర్తులతో సైకిల్ జాతిని చెప్పగలిగేవారు. స్వాతంత్ర్యం తరువాత దేశీయ కర్మాగారాలు వచ్చాయి. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప కుటుంబం బ్రిటిష్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ భాగస్వామ్యంతో టి.ఐ. సైకిల్స్‌ను నెలకొల్పింది, మనవైపు తిరిగిన హెర్క్యులిస్‌లు అక్కడివే. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో ప్రారంభమయ్యాయి. అప్పటికి సైకిల్ దొరల వాహనం కాదు. 1952లో రాజ్యసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీదనే వెళ్ళేవారన్నది అందరికీ తెలిసిన విషయమే.

ఇంగ్లండు వాతావరణానికి పుట్టిన ఈ యంత్రం మన రేగడిలో ఎలా నిలిచిందన్నది ఆలోచించదగిన ప్రశ్న. పందెపు సైకిల్‌లో హ్యాండిల్ గొట్టం నేలతో సుమారు 73 డిగ్రీల కోణంలో నిటారుగా ఉంటుంది. మన పాత సైకిల్‌లో 66, 68 డిగ్రీలే. ఆ వాలు వల్లనూ, ముందుకు వంగిన ఫోర్కు వల్లనూ ఎడ్లబండి గాడిలో పడిన కుదుపు కొంత ఉక్కులోనే అణగిపోయి చేతులకు తక్కువగా తగులుతుంది. చక్రాలు 28 అంగుళాలవి; ముందు చక్రానికి 32 పుల్లలైతే, బరువు మోసే వెనుక చక్రానికి 40. అయితే వానాకాలంలో రేగడి ముందు ఏ చట్రమూ గెలవలేదు. పది బారలు వెళ్ళేసరికి బంకమట్టి మడ్‌గార్డులో గట్టిపడి చక్రం ఆగిపోయేది. పుల్లతో గీకి, మళ్ళీ తొక్కి, చివరకు మనిషే సైకిల్‌ను భుజాన వేసుకుని నడిచేవాడు. వేసవిలో తుమ్మముళ్ళ బాధ సరేసరి.

పాలక్యానులు, గడ్డిమోపులు, ఐసుఫ్రూటు పెట్టెలు, చీరాల నేతగాండ్ర బట్టల మూటలు, ఇవన్నీ మీరు చూసినవే. ఆరోగ్యశాఖ చరిత్ర కూడా క్యారేజీ మీదనే నడిచిందని కొందరికే తెలుసు. 1953లో మలేరియా నియంత్రణ పథకం, 1958లో నిర్మూలన పథకం ప్రారంభమయ్యాయి. ఆ కార్యకర్తలు పక్షానికి ఒకసారి ఇంటింటికీ వెళ్ళి, జ్వరం ఉన్నవారి వ్రేలి నుంచి రక్తపుచుక్క గాజుపలక మీద తీసుకుని, గోడ మీద తేదీ వేసి వెళ్ళేవారు. మశూచి టీకాలు వేసేవారూ ఇలాగే తిరిగారు. దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో నమోదైంది.

ప్రత్తి విస్తరించిన రోజుల్లో మరొక దృశ్యం సాధారణమైంది. పురుగుమందు చల్లుతూ స్పృహ తప్పిన కూలీని క్యారేజీ మీద కూర్చోబెట్టి, పడిపోకుండా తొక్కేవాని నడుముకు తుండుగుడ్డతో కట్టి ఆసుపత్రికి తెచ్చేవారు. వెనుక ఇంకొకడు పట్టుకుని పరుగెత్తేవాడు. పాము కరిచినవారూ, పురిటి నొప్పుల స్త్రీలూ అలాగే వచ్చేవారు. సకాలంలో చేరినవారికి అట్రోపిన్ ప్రాణం పోసింది. చేరనివారి సంఖ్య ఏ పుస్తకంలోనూ లేదు. ఇద్దరు మనుషుల బరువుతో గతుకుల్లో పరుగెత్తినప్పుడు ఆ చట్రం కీలు ఊడి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఇత్తడి పోసిన ఆ అజ్ఞాత పనివానికి నేను మనసులో దండం పెట్టుకుంటాను.

లోపాలూ లేకపోలేదు. 22, 24 అంగుళాల చట్రాలు ఇంగ్లీషువాని కాళ్ళ కొలతకు చేసినవి. మన పిల్లలు సీటు అందక, పై కడ్డీ కిందుగా కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవారు. నడుము ఒక ప్రక్కకు, తల మరొక ప్రక్కకు. పెద్దలు సీటును చట్రానికి ఆనేంత దించుకునేవారు. అలా తొక్కితే మోకాలు అతిగా మడిచి చిప్పవెనుక ఒత్తిడి పెరుగుతుంది. మడమను పెడల్ మీద ఉంచి అడుగుకు తొక్కినప్పుడు కాలు చక్కగా చాపుకోగలగాలి. సీటుకు సరైన ఎత్తు అదే. ఆడవారి సైకిల్‌కు చీర, పరికిణీ కోసం పై కడ్డీని క్రిందికి దించారు. అంటే త్రిభుజాన్ని వదులుకున్నారు. ఆ బలహీనతను పూడ్చడానికి గొట్టం మందం చేయవలసి వచ్చింది. మగవారి సైకిల్ కంటే బలహీనమైన ఆకారాన్ని అంతకంటే బరువుగా చేసి ఇచ్చారన్నమాట. అయినా దాని మీదనే నర్సమ్మలు పల్లెలు తిరిగారు, ఆడపిల్లలు పొరుగూరి హైస్కూలుకు వెళ్ళారు.

బజారు సైకిల్ షాపువానికి ఇంజనీరింగ్ చదువు లేదు. గుద్దుకున్న సైకిల్ తెస్తే వెనుక ఇరుసు పట్టే చోటి నుంచి నూలుదారం తీసి, హ్యాండిల్ గొట్టం చుట్టూ త్రిప్పి, రెండవ వైపు కట్టేవాడు. దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరం రెండు ప్రక్కలా సమానమైతే చట్రం సరిగ్గా ఉన్నట్లు. ఇంతకంటే చవకైన పరీక్షను నేను వైద్యంలోనూ చూడలేదు.

తరువాత మోపెడ్లు వచ్చాయి, మోటారుసైకిళ్ళు వచ్చాయి. అవసరం తీరినందుకు ఎవరినీ తప్పుపట్టలేము. క్యారేజీకి కట్టిన రోగికి 108 వాహనం మేలే. కాని రోజుకు పది మైళ్ళు తొక్కిన తండ్రుల కొడుకులు నలభై ఏళ్ళకే చక్కెర పరీక్షకు వస్తున్నారు. కోపెన్‌హాగెన్ ప్రాంత ప్రజలపై జరిపి 2000లో ప్రకటించిన అధ్యయనంలో, పనికి సైకిల్ మీద వెళ్ళనివారి మరణాల రేటు వెళ్ళేవారి కంటే 39 శాతం అధికమని తేలింది. నాటింగ్‌హామ్‌లో రాలీ చట్రాల తయారీ 1999లో ఆగిపోయింది. సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

మీ కొట్టంలో తాతగారి సైకిల్ ఇంకా ఉంటే పాతసామాన్లవానికి తూకానికి వేయకముందు కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడండి. సీటు కింది లగ్గు మీద చట్రం సంఖ్య ఉండవచ్చు. వెనుక హబ్బు మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్‌ది అయితే, దాని మీద తయారైన సంవత్సరం రెండు అంకెలలో చెక్కి ఉండే అవకాశం ఎక్కువ.